చేరడేసి కళ్ళు, రేచీకటి: వంశపారంపర్యముగా వచ్చే కంటి జబ్బులు

పసిబిడ్డ కళ్ళు పెద్దవిగా ఉంటే మన ఇండ్లలో మురిసిపోతారు. "చేరడేసి కళ్ళు" అనేది తెలుగులో మెచ్చుకోలే గాని నింద కాదు. చాలవరకు ఆ మెచ్చుకోలు న్యాయమైనదే. కాని నెలల బిడ్డకు కన్ను నానాటికి పెద్దదవుతూ, ఎప్పుడు చూచినా నీరు కారుతూ, వెలుతురు వంక చూడలేక బిడ్డ తల్లి ఒడిలో ముఖము దాచుకొంటున్నట్లయితే అది అందము కాదు, రోగము. నల్లగుడ్డు మీద మంచు పట్టినట్లు మసక కూడ కనబడితే ఒక్క వారమైనా ఆలస్యము చేయరాదు. ఇది పుట్టుకతో వచ్చే నీటికాసుల వ్యాధి. వైద్యులు దీనిని గ్లాకోమా అంటారు. పాశ్చాత్య దేశములలో సుమారు 10,000 కాన్పులకు ఒక బిడ్డకు ఈ వ్యాధి వస్తుండగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 కాన్పులకు ఒక బిడ్డకు వస్తున్నట్లు 1990లలో పరిశోధకులు అంచనా కట్టినారు.

మన దగ్గర మూడింతలు ఎందుకు ఉన్నది? నీటిలో దోషమా, తిండిలో దోషమా అని వెదకనక్కర లేదు. ఇది తల్లిదండ్రుల నుండి బిడ్డకు సంక్రమించే వ్యాధి. కంటికి ఇటువంటివి ఇంకను అనేకము ఉన్నవి. వాటిలో కొన్నిటికి సకాలములో చికిత్స చేస్తే చూపు దక్కుతుంది. కొన్నిటికి నేటికిని మందు లేదు. "పుట్టుకతో వచ్చినది, ఏమి చేస్తాము" అని రెంటిని ఒకే గాటను కట్టుట వలన, దక్కవలసిన చూపు కూడ దక్కకుండా పోతున్నది. ఊరిలో చదువుకొన్నవారు, అందులోను పిల్లలను రోజూ చూచేవారు ఉపాధ్యాయులు. వారికి ఈ తేడా తెలిసియుండుట చాల అవసరము.

కొల్లేరు – ఉప్పుటేరు

మా భీమడోలు ప్రాంతము వారికి కంటిలోని నీటి లెక్క సులభముగా బోధపడుతుంది. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులు నీరు తెచ్చి పోస్తవి. ఆ నీరు సముద్రములోకి పోవుటకు దారి ఉప్పుటేరు ఒక్కటే. ఉప్పుటేరు పూడుకొనిపోతే పైనుండి వచ్చే నీరు ఆగదు గనుక సరస్సు ఉబ్బి లంకగ్రామముల మీదికి వస్తుంది.

కంటి ముందుభాగములో కూడ ఇట్లే ఒక నీరు రాత్రింబవళ్ళు ఊరుతూ ఉంటుంది. దానిని నేత్రోదకము అంటారు. నల్లగుడ్డును కప్పి అద్దమువలె ఉండే పొరకు, దాని వెనుక ఉన్న కటకమునకు రక్తనాళములు లేవు. వాటికి ఆహారము అందించేది ఈ నీరే. ఊరిన నీరు నల్లగుడ్డు అంచు చుట్టు ఉన్న జల్లెడవంటి కణజాలము గుండా వడిసిపోయి రక్తములో కలుస్తుంది. ఎంత ఊరుతుందో అంత పోతుంది గనుక కంటిలో ఒత్తిడి సమముగా ఉంటుంది.

పుట్టుకతో వచ్చే నీటికాసులలో ఈ జల్లెడ గర్భములో సరిగా ఏర్పడదు. నీరు ఊరుట ఆగదు, పోవుటకు దారి ఉండదు. పెద్దవారి కంటిపొరలు గట్టివి, ఒత్తిడికి సాగవు. సుమారు మూడేండ్ల లోపు పసివారి పొరలు మెత్తనివి గనుక బుడగవలె సాగుతవి. కన్ను పెద్దదగుట ఇందుచేతనే. పుట్టిన బిడ్డ నల్లగుడ్డు అడ్డుకొలత సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. ఏడాది లోపు అది 12 మిల్లీమీటర్లు దాటితే అనుమానించవలెను. సాగిన పొర చిట్లి అందులోకి నీరు చొరబడుట వలన మసక కలుగుతుంది. అసలు నష్టము మాత్రము మనకు కనబడని చోట, కంటి వెనుకభాగములో జరుగుతుంది. చూపును మెదడునకు చేరవేసే దృక్‌నాడి ఆ ఒత్తిడికి నలిగి తంతువు వెంట తంతువుగా చచ్చిపోతుంది. చచ్చిన తంతువులు మరల మొలవవు.

ఒక హెచ్చరిక. పసిపిల్లల కంటినుండి నీరు కారుట సామాన్యము. కంటినుండి ముక్కులోకి పోయే కాలువ తెరచుకొనక నీరు కారే పిల్లలే ఎక్కువమంది. అది చాలవరకు మొదటి సంవత్సరములోనే దానంతట అదే సరిపోతుంది. నీరు కారుటతో పాటు వెలుతురును ఓర్చుకొనలేకపోవుట, నల్లగుడ్డు పెద్దదగుట, మసక కమ్ముట అనే లక్షణములలో ఏ ఒక్కటి ఉన్నను కంటి వైద్యునికి చూపవలెను.

చుక్కల మందులు ఈ వ్యాధికి తాత్కాలికముగా మాత్రమే పనిచేస్తవి. అసలు చికిత్స కత్తితో నీటికి దారి తీయుటయే. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో డాక్టర్ అనిల్‌కుమార్ మండల్, పూడిన జల్లెడను చీల్చుట, ప్రక్కగా మరొక కాలువ తెరచుట అనే రెండు పనులను ఒకే పర్యాయము చేసే పద్ధతిని అవలంబించి, నెల నిండని శిశువులలో సైతము దాని ఫలితములను పరిశీలించి ప్రకటించినారు. 2003లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించినది. నెలలోపల గుర్తించిన బిడ్డకును, రెండేండ్లు గడిచిన తరువాత తెచ్చిన బిడ్డకును శస్త్రచికిత్స ఒకటే కావచ్చును గాని మిగిలే చూపు ఒకటి కాదు.

దోషము ఎవరిది?

ఇటువంటి బిడ్డ పుట్టిన ఇంట తరచుగా వినబడే మాట "మా వంశములో ఎవరికీ లేదు" అనేది. ఆ వెంటనే కోడలి పుట్టింటిని ఆడిపోసుకొనుట మొదలవుతుంది. గ్రహణమని, కడుపుతో ఉండగా ఏదో తిన్నదని కారణములు కల్పిస్తారు. శాస్త్రము ఈ మాటలను ఎంతమాత్రము ఒప్పుకొనదు.

మన శరీరములోని ప్రతి జన్యువుకును రెండు ప్రతులు ఉంటవి. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. కొన్ని దోషములు ఒక్క ప్రతిలో ఉన్నను బయటపడుతవి. వాటిని బహిర్గతములు అంటారు. ఎక్కువ దోషములు అట్టివి కావు. ఒక ప్రతి చెడినా రెండవ ప్రతి పని నడుపుతుంది. ఆ మనిషికి ఏ జబ్బు ఉండదు, తనలో దోషమున్న సంగతియే తెలియదు. ఇవి అంతర్గత లక్షణములు. అంతర్గత దోషమును మోసే స్త్రీపురుషులు ఇద్దరు దంపతులైనప్పుడు, ఇరువైపుల నుండి చెడిన ప్రతియే వచ్చిన బిడ్డకు మాత్రము వ్యాధి కనబడుతుంది. కాబట్టి అంతర్గత వ్యాధి ఏదైనను తల్లి ఒక్కతే తెచ్చినది కాదు, తండ్రి ఒక్కడే తెచ్చినది కాదు. "మా వంశములో లేదు" అను మాట కూడ అబద్ధము కానక్కర లేదు. రోగము లేదు, జన్యువు ఉన్నది.

తరగతిలో ఈ విషయమును చింతపిక్కలతో చూపవచ్చును. నాలుగు పిక్కలు తీసుకొని రెంటికి సున్నపు చుక్క పెట్టండి. (అరగదీసి తెల్లగా చేస్తే వ్రేళ్ళకు తెలిసిపోతుంది, అందుచేత చుక్కయే మేలు.) రెండు కొబ్బరిచిప్పలలో ఒక్కొక్కదానియందు చుక్క ఉన్నది ఒకటి, లేనిది ఒకటి వేయండి. ఒక చిప్ప తల్లి, ఒక చిప్ప తండ్రి. కండ్లు మూసుకొని చిప్పకు ఒకటి చొప్పున తీసి, వ్రాసుకొని, మరల వేయండి. నూరుసార్లు తీస్తే రెండును చుక్క పిక్కలే వచ్చుట సుమారు 25 సార్లు జరుగుతుంది. అవి వ్యాధిగల బిడ్డలు. సుమారు 50 సార్లు ఒకటి చుక్కది, ఒకటి కానిది వస్తవి. వీరు తల్లిదండ్రులవలె దోషమును మోసేవారు. మిగిలిన సుమారు 25 మందికి ఆ దోషము అంటదు.

ఈ ఆటలో విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలసినది మరొకటి ఉన్నది. ఒకసారి చుక్క పిక్కలు రెండు వచ్చినంత మాత్రాన తరువాతి మూడుసార్లు అట్లు రాకుండ ఉండవు. పిక్కలకు జ్ఞాపకము లేదు. "నలుగురిలో ఒకరికి అన్నారు, మొదటి బిడ్డకు వచ్చినది, ఇక ముగ్గురికి భయము లేదు" అనుకొనే తల్లిదండ్రులు ఉన్నారు. ప్రతి కాన్పుకును నాలుగింట ఒక పాలు అవకాశము క్రొత్తగా ఉంటుంది. తరువాతి బిడ్డను పుట్టిన వెంటనే కంటి వైద్యునికి చూపించుట అందుకే.

మేనరికపు లెక్క

నూటికి ఒకరు మోసే అంతర్గత దోషము ఒకటి ఉన్నదనుకొందాము. చుట్టరికము లేని ఇద్దరు పెండ్లాడితే, వరుడు మోసేవాడగుటకు 100లో 1, వధువు మోసేదగుటకు 100లో 1, బిడ్డకు రెండు చెడ్డ ప్రతులు వచ్చుటకు 4లో 1. ఈ మూటిని గుణిస్తే 40,000లో 1 వస్తుంది.

ఇప్పుడు మేనమామ కూతురిని చేసుకొన్న వరుని తీసుకొనండి. అతడు మోసేవాడగుటకు 100లో 1 అవకాశము. మోసేవాడైతే ఆ జన్యువు తల్లివైపు నుండి వచ్చియుండుటకు సగము. తల్లికి ఉన్నదైతే ఆమె తోబుట్టువుకు కూడ ఉండుటకు సగము. అతని కూతురికి సంక్రమించుటకు మరల సగము. సగములో సగములో సగము అనగా ఎనిమిదింట ఒకటి. కావున బిడ్డకు వ్యాధి వచ్చుటకు 100 × 8 × 4, అనగా 3,200లో 1. అక్క కూతురిని చేసుకొంటే మెట్టు ఒకటి తగ్గి, నాలుగింట ఒకటి అవుతుంది. లెక్క 1,600లో 1. జన్యువు ఒకటే, ఊరు ఒకటే. పెండ్లి సంబంధమును బట్టి అవకాశము మొదటిదానికి పన్నెండున్నర రెట్లు, తరువాతి దానికి ఇరువదియైదు రెట్లు పెరిగినది. దోషము ఎంత అరుదైనదో ఈ రెట్టింపు అంత ఎక్కువగా ఉంటుంది.

ఈ లెక్కను రెండవ వైపు నుండి కూడ చదవవలెను. 3,200లో 3,199 మందికి ఆ జబ్బు రాదు. "మా తాతలనాటి నుండి మేనరికములే, మాకేమైనది?" అనే పెద్దలు అబద్ధము చెప్పుట లేదు. పుట్టుకతో వచ్చే లోపములన్నిటిని కలిపి చూచినను, చుట్టరికము లేని దంపతుల బిడ్డలలో నూటికి 2, 3 ఉంటే మొదటితరము మేనరికములలో నూటికి 4 నుండి 6 వరకు ఉంటవని సాధారణముగా చెబుతారు. మేనరికము చేసుకొన్న ప్రతివారిని నేరస్థులవలె చూచుట నాకు సమ్మతము కాదు. కాని ఒక కుటుంబములో ఒకరికి అట్టి నేత్రవ్యాధి ఉన్నదని తెలిసిన తరువాత ఈ లెక్క మారిపోతుంది. నూటికి ఒకరు అన్న మొదటి మెట్టు ఎగిరిపోయి, రెండిట ఒకటో మూడింట రెండో వచ్చి కూర్చుంటుంది. అటువంటి ఇంట ఆస్తి కలిసివస్తుందని మరల మేనరికమునకే పోవుట పిల్లల కన్నులతో జూదమాడుటయే.

ఈ విషయమున తెలుగుదేశమునకు శాస్త్రచరిత్రలో స్థానము కలదు. ప్రఖ్యాత జన్యుశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడచి భారతదేశమునకు వచ్చి స్థిరపడినారు. ఆయన శిష్యుడు, పిఠాపురమువాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహములను గూర్చి 1960 ప్రాంతమున వరుసగా పరిశోధన పత్రములు ప్రకటించినారు. ప్రపంచములో మరెక్కడను ఇంతగా కానరాని మేనమామ–మేనకోడలి వివాహము శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చుటకు అవి తోడ్పడినవి. హాల్డేన్ 1964లో మరణించినప్పుడు, ఆయన కోరిక ప్రకారము దేహమును వైద్యవిద్యార్థుల కొరకు కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్చినారు.

రెండు రకముల రేచీకటి

పొద్దు వాలగానే చూపు తగ్గుటను రేచీకటి అంటారు. మన తాతల తరము వారికి రేచీకటి అంటే తిండి లోపము వలన వచ్చేది. నేత్రపటలములో దండములని, శంకువులని రెండు విధములైన కణములు ఉన్నవి. శంకువులు సుమారు 60 లక్షలు, పటలము నడుమ దట్టముగా ఉండి పగటి చూపును, రంగులను ఇస్తవి. దండములు సుమారు 12 కోట్లు, చుట్టుప్రక్కల పరచుకొని మసక వెలుతురులో చూపును ఇస్తవి. దండములలోని రొడాప్సిన్ అనే రంగుపదార్థము తయారగుటకు ఏ–విటమిను కావలెను. అది లేనప్పుడు రేచీకటి వస్తుంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, గ్రుడ్డు, చేప తిన్నను, వైద్యుడు విటమిను ఇచ్చినను కొద్ది రోజులలోనే నయమవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారముగా 1970 నుండి పసిపిల్లలకు ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదులో ఈ విటమినును త్రాగించు పథకము దేశములో అమలుపరచినారు. నేడు ఈ రకపు రేచీకటి చాలవరకు తగ్గినది.

రెండవ రకము తిండితో పోదు. బడికి వచ్చే పిల్లవాడు పగలు బాగానే చదువుతాడు. మునిమాపున చేలగట్టు మీద నడువలేక తడబడుతాడు. సినిమా హాలులో కుర్చీ వెదకుకొనలేడు. కొన్నేండ్లకు ప్రక్కనుండి వచ్చే సైకిలును, కాలి దగ్గరి చెంబును చూడక తగులుతాడు. ఇంటివారు అజాగ్రత్త అని తిడతారు. ఇది రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వ్యాధి. ముందు దండములు ఒక్కొక్కటే చచ్చిపోతవి. చూపు అంచుల నుండి ముడుచుకొంటూ వచ్చి, చివరకు బొంగు గొట్టములో నుండి చూచినట్లు నడుమ మాత్రము మిగులుతుంది. తరువాత శంకువుల వంతు. ఈ పతనము ఏండ్లు, ఒక్కొక్కప్పుడు దశాబ్దములు పడుతుంది.

ప్రపంచములో సగటున సుమారు 4,000 మందికి ఒకరికి ఈ వ్యాధి ఉన్నదంటారు. మనదేశములో మధ్యభారతపు పల్లెలలో ముప్పది ఏండ్లు దాటిన వారిని పరీక్షించగా సుమారు 750 మందికి ఒకరు చొప్పున కనబడినారు. ఎనుబదికి పైగా జన్యువులలో ఏ ఒక్కటి చెడినను ఇది రావచ్చును. కొన్ని కుటుంబములలో బహిర్గతముగా తండ్రి నుండి బిడ్డకు, కొన్నిటిలో ఎక్స్ క్రోమోసోము మీదుగా తల్లి నుండి కొడుకుకు వస్తుంది. రక్తసంబంధ వివాహములు ఎక్కువగా ఉన్న చోట అంతర్గతముగా వచ్చేది ప్రబలుతుంది.

సోమవరప్పాడు నుండి

ఏలూరు దగ్గరి సోమవరప్పాడు గ్రామమున 1908లో అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు జన్మించినారు. ఎల్. వి. ప్రసాద్ పేరుతో ఆయన "షావుకారు", "మిస్సమ్మ" చిత్రములకు దర్శకుడని అందరికిని తెలుసు. అమెరికాలో పనిచేసి తిరిగి వచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో కంటి వైద్యసంస్థను నెలకొల్ప సంకల్పించినప్పుడు, ప్రసాద్ గారు, ఆయన కుమారుడు రమేష్‌ప్రసాద్ బంజారాకొండలలో ఐదు ఎకరముల స్థలమును, కోటి రూపాయలను ఇచ్చినారు. 1987లో ఆరంభమైన ఆ సంస్థకు ఆయన పేరు పెట్టినారు. వైద్యముతో పాటు పరిశోధనాలయము ఉండవలెననియు, ఖర్చు భరింపలేని వారికి ఉచితముగా చూడవలెననియు మొదటినుండి అక్కడ నియమము.

ఆ సంస్థవారు 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వే జరిపినారు. హైదరాబాదు నగరము, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలతో పాటు మన పశ్చిమగోదావరి జిల్లాలో కూడ ఇల్లిల్లు ఎంచుకొని మొత్తము 10,293 మంది కండ్లను పరీక్షించినారు. నూటికి 1.84 మంది అంధులుగా తేలినారు. అంధత్వములో సుమారు 44 శాతము శుక్లముల వలన కలిగినది, శస్త్రచికిత్సతో పోయేది. నేత్రపటలపు వ్యాధుల వలన కలిగినది సుమారు 11 శాతము. శుక్లములు తీసివేస్తూ పోయినకొద్దీ మిగిలే అంధత్వములో ఈ రెండవ తరగతి పాలు పెరుగుట సహజము. వంశానుగత వ్యాధుల పరిశోధనకు నేడు ప్రాముఖ్యము వచ్చుటకు ఇది ఒక కారణము.

నీటికాసుల విషయమునకు వస్తాము. 1997లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు తుర్కీ కుటుంబములను పరిశీలించి, రెండవ క్రోమోసోము మీది సి. వై. పి. 1బి1 అనే జన్యువు చెడుట వలన ఈ వ్యాధి వస్తున్నదని కనిపెట్టినారు. ఎల్. వి. ప్రసాద్ సంస్థవారు హైదరాబాదులోని ఇతర పరిశోధకులతో కలిసి మన రోగులలో వెదకగా, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనులో 368వ స్థానమున ఆర్జినిన్‌కు బదులు హిస్టిడిన్ చేరుట ఎక్కువగా కనబడినది. ఈ సంగతి 2003లో ప్రకటించినారు. ఒక్క అక్షరము తప్పుపడుట వంటిదే ఇది. స్లొవేకియా దేశములోని రోమా ప్రజలలో ఈ వ్యాధి 1,250 కాన్పులకు ఒకటి చొప్పున వస్తుంది. వారి పూర్వులు భారతదేశమునుండి వెళ్ళినవారే అయినను, వారిలో ప్రబలిన తప్పు వేరు, 387వ స్థానములోనిది. తమలో తాము పెండ్లాడే చిన్న సమూహములలో ఎవరి పాత తప్పు వారిలో పేరుకొంటుంది.

చిత్రమేమంటే, వ్యాధిని పెంచే మేనరికమే జన్యువును పట్టుకొనుటకు కూడ తోడ్పడుతుంది. మేనరికపు బిడ్డలో చెడిన జన్యువు రెండు ప్రతులును ఒకే పూర్వుని నుండి వచ్చినవి గనుక, దానికి ఇరుప్రక్కల ఉన్న క్రోమోసోము భాగము కూడ రెండు ప్రతులలో అచ్చుగ్రుద్దినట్లు ఒకే విధముగా ఉంటుంది. అట్టి భాగములను వెదకి, వాటిలో ఉన్న జన్యువులను మాత్రము పరీక్షిస్తే పని తేలిక. అమెరికాలో లాండర్, బోట్‌స్టైన్ అనువారు 1987లో ఈ ఉపాయము చెప్పినారు. డాక్టర్ చిత్రా కన్నబిరాన్ బృందము హైదరాబాదులో ఈ మార్గముననే భారతీయ కుటుంబములలోని రెటినైటిస్ పిగ్మెంటోజాను పరిశోధించి 2009లో ఫలితములు వెల్లడించినది. మద్రాసులో 1978లో స్థాపితమైన శంకర నేత్రాలయము, మధురలో 1976లో స్థాపితమైన అరవింద్ ఆసుపత్రి కూడ జన్యు పరిశోధనాలయములు నడుపుతున్నవి.

వడ్లు ఉన్నవి, మర లేదు

జన్యువు తెలిసినంత మాత్రాన లాభమేమి అని అడుగవచ్చును. ఒక ఉదాహరణము చూడండి. మనము తిన్న ఏ–విటమిను దండములకు పనికివచ్చే రూపములోకి మారుటకు ఆర్. పి. ఇ. 65 అనే జన్యువు తయారుచేసే ఎంజైము కావలెను. ఆ జన్యువు చెడితే కొట్టునిండ వడ్లు ఉండి బియ్యపుమర ఆగిపోయినట్లు అవుతుంది. బిడ్డకు ఎంత విటమిను పోసినను రేచీకటి పోదు. పసితనము నుండే చూపు మందగిస్తుంది. ఈ జన్యువు యొక్క మంచి ప్రతిని, హానిచేయని ఒక సూక్ష్మమైన వైరసులో పెట్టి, నేత్రపటలము క్రిందికి సూదితో ఎక్కించే చికిత్సకు 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము అనుమతి ఇచ్చినది. చికిత్స పొందిన పిల్లలు పలువురు మసక వెలుతురులో అడ్డంకులను తప్పుకొని నడువగలిగినారు.

అయితే ఇది ఆ ఒక్క జన్యువు చెడినవారికే. మిగిలిన ఎనుబదికి పనికిరాదు. కణములు పూర్తిగా చచ్చిన తరువాత కూడ పనికిరాదు. పైగా, అనుమతి వచ్చిన కొత్తలో అక్కడ రెండు కండ్లకు ప్రకటించిన వెల 8,50,000 డాలర్లు. మన రైతు కుటుంబమునకు అది ఆకాశపుష్పమే. ఈ వార్తలను అడ్డుపెట్టుకొని "జన్యుచికిత్స", "మూలకణములు" అని చెప్పి డబ్బు గుంజే ప్రకటనలు కనబడుతున్నవి. ఏ జన్యువు చెడినదో పరీక్ష చేయకుండ జన్యుచికిత్స అనే వానిని నమ్మరాదు. భారత ప్రభుత్వము 2021లో అరుదైన వ్యాధుల విధానమును ప్రకటించి, కొన్ని ఆసుపత్రులను, పరిశోధన సంస్థలను ప్రత్యేక కేంద్రములుగా నిర్ణయించినది. వాటిలో హైదరాబాదు కూడ ఉన్నది.

దీపపు వెలుగులో పసిబిడ్డ కంటిపాప పిల్లికన్నువలె తెల్లగా మెరయుట మరొక గుర్తు. అది పుట్టుశుక్లము కావచ్చును, రెటినోబ్లాస్టోమా అనే కాన్సరు కావచ్చును. ఈ కాన్సరు కొన్ని కుటుంబములలో బహిర్గతముగా, అనగా బిడ్డకు సగపాలు అవకాశముతో వస్తుంది. వెంటనే చూపిస్తే ప్రాణమును, పలుమారు కన్నును కూడ కాపాడవచ్చును. నొప్పి లేదు గదా అని ఊరకుంటే మెదడునకు ప్రాకుతుంది.

బడిలో చేయగలది

2013 నుండి అమలులోనికి వచ్చిన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉన్నది. ఆ బృందము వచ్చిన రోజున అక్షరముల పటము చదివించి ఊరకుంటే రేచీకటి బయటపడదు. నడుమచూపు చక్కగా ఉన్నందున ఆ పిల్లవాడు చివరి వరుస అక్షరములు కూడ చదివేస్తాడు. సాయంకాలము ఆటలో బంతి కనబడదనే పిల్లవానిని, తలుపు దగ్గర తడబడే పిల్లవానిని ఉపాధ్యాయుడే గుర్తుపెట్టుకొని చెప్పవలెను. తోబుట్టువులు ఎవరైనా అట్లే ఉన్నారా, తల్లిదండ్రులు చుట్టరికములో పెండ్లి చేసుకొన్నవారా అని మెత్తగా అడిగి తెలుసుకొంటే వైద్యునికి సగము పని తీరినట్లే. వైద్యుడు కుటుంబవృక్షము గీసేటప్పుడు మొదట అడిగేవి కూడ ఇవే ప్రశ్నలు.

చికిత్స లేని వ్యాధి అని తేలిన పిల్లవానికి చదువు ఆపించుట తొందరపాటు. రెటినైటిస్ పిగ్మెంటోజా గలవారిలో పలువురికి చదువుకొనే ఈడంతయు నడుమచూపు నిలిచి ఉంటుంది. వెలుతురు బాగా ఉన్న కిటికీ దగ్గర ముందు బల్ల, పెద్ద అక్షరముల పుస్తకము, నల్లబల్ల మీద లావుపాటి వ్రాత వారికి చాలవరకు సరిపోతవి. చూపు బాగా తగ్గినవారు ముందునుంచే బ్రెయిలీ, చదివి వినిపించే కంప్యూటరు అలవాటు చేసుకొనుట మంచిది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అంధత్వముతో పాటు మందదృష్టిని కూడ గుర్తించినది. 40 శాతము లేక అంతకు మించిన లోపమున్నట్లు ధ్రువపత్రము పొందిన విద్యార్థికి పరీక్షలో వ్రాసిపెట్టే సహాయకుని, గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలమును ఇవ్వవలెనని కేంద్రప్రభుత్వము 2018లో సూచనలు జారీచేసినది. ధ్రువపత్రము జిల్లా వైద్యమండలి నుండి వచ్చుటకు కాలము పడుతుంది గనుక పదవ తరగతి పరీక్షల ముందు కాక, ఎనిమిదవ తరగతిలోనే దరఖాస్తు పెట్టించవలెను.